చీటీ మీద పేరు



ఈ వారం వాక్యధ్యానం రాయడం లేదు. ఒక చరిత్ర రాస్తున్నాం. టీబీ వచ్చిన మనిషి పేరు ఆరోగ్య శాఖ పుస్తకంలోకి ఎలా ఎక్కింది, ఎవరు ఎక్కించారు, ఎవరు వద్దన్నారు అన్న చరిత్ర. కాపరికి దీనితో ఏం పని అని అడిగేవాళ్లు ఉంటారు. అందుకే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాం.

గుడిలో తలుపు పక్కన ఉండే ప్రార్థన చీటీల డబ్బా మీకందరికీ తెలుసు. ఆదివారం సాయంత్రం మేమిద్దరం, దంపతులం, కూర్చుని ఒక్కో చీటీ విప్పి చదివి ప్రార్థన చేస్తాం. కొన్నేళ్ల కిందట అందులో పేరు లేని చీటీ ఒకటి వచ్చింది. చిన్నపిల్లల చేతిరాత. "దగ్గు తగ్గాలి. ఎవరికీ చెప్పొద్దు" అని రెండే ముక్కలు. మరుసటి ఆదివారం అదే చేతిరాత, అవే మాటలు. ఆ రాత ఎవరిదో మాకు తెలుసు. మూడో తరగతి చదివే పిల్ల, చదువు రాని నాయనమ్మ చెబితే రాసింది. మేము ప్రార్థించాం. ఎవరికీ చెప్పలేదు. ఆ అమ్మ ఎదురుపడితే "ఎలా ఉంది అవ్వా" అని అడిగాం, "పర్లేదు అయ్యగారూ" అంది, సరే అనుకున్నాం. అలా పద్నాలుగు ఆదివారాలు గడిచాయి. గుట్టు కాపాడుతున్నామని మా మనసుకు తృప్తిగా కూడా ఉండేది.

పదిహేనో వారం ఆశా కార్యకర్త ఏదో సర్వేకు ఆ ఇంటికి వెళ్లి, ఆ దగ్గు విని, తెమడ డబ్బా చేతిలో పెట్టింది. పరీక్షలో టీబీ అని తేలింది. ఇంట్లో అందరినీ చూశారు. ఆ చీటీలు రాసిన పిల్ల మెడ దగ్గర గడ్డలు ఉన్నాయి. ఆ పిల్లకూ అదే జబ్బు.

ఇద్దరూ మందులు వాడారు, ఇద్దరూ బతికారు. దేవునికి స్తోత్రం. కానీ ఆ పద్నాలుగు వారాలు మాకు జ్ఞాపకం ఉన్నాయి. ఆ తరవాత ఈ జబ్బు గురించి దొరికినదల్లా చదవడం మొదలుపెట్టాం. చదివేకొద్దీ తెలిసిందేమిటంటే, మేము పడిన ఇరకాటం కొత్తది కాదు. నూట ముప్పై ఏళ్ల కిందట పెద్ద పెద్ద డాక్టర్లే ఇందులో పడ్డారు.

ముందు ఒక సంగతి. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ అనే వైద్యుడు, క్షయకు కారణం ఒక సూక్ష్మక్రిమి అని నిరూపించి చూపించాడు. అందుకే ఇప్పటికీ మార్చి 24ను టీబీ దినంగా జరుపుతారు. అంతకు ముందు చాలామంది ఇది వంశంలో వచ్చే జబ్బు అనుకునేవారు. ఇంటి రాత, నెత్తుటి దోషం అనుకుంటే ఎవరికి చెప్పి ఏం లాభం? ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదని తేలాక మాత్రం ప్రశ్న మారిపోయింది. ఈ మనిషికి జబ్బు ఉందని డాక్టరుకు తెలిస్తే, ఆ సంగతి ఆయనా ఆ మనిషీ మాత్రమే తెలుసుకుని ఊరుకోవాలా?

ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకున్న ఊరు న్యూయార్క్. అక్కడి నగర ఆరోగ్య శాఖలో హెర్మన్ బిగ్స్ అని ఒక వైద్యుడు ఉండేవాడు. 1889లో ఆయనా ఇంకో ఇద్దరూ కలిసి, క్షయ అంటువ్యాధి, దాన్ని ఆపవచ్చు అని శాఖకు నివేదిక ఇచ్చారు. ఆపాలంటే ఎవరికి ఉందో తెలియాలి, తెలియాలంటే డాక్టర్లు పేర్లు పంపాలి. నగరంలోని పేరున్న డాక్టర్లు ఒప్పుకోలేదు. బిగ్స్ తొందరపడలేదు. 1894 నాటికి సర్కారు ఆసుపత్రులు, ధర్మాసుపత్రులు పేర్లు పంపాల్సిందేనని, సొంతంగా వైద్యం చేసే డాక్టర్లు పంపితే మంచిదని అడిగారు. దానితోపాటు ఒక తెలివైన పని చేశారు. ఏ డాక్టరైనా రోగి తెమడ పంపిస్తే నగర ప్రయోగశాలలో ఉచితంగా పరీక్ష చేసి పెడతామన్నారు. డాక్టరుకు జబ్బేమిటో తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. నమూనాతోపాటు రోగి పేరూ, ఇంటి చిరునామా వచ్చేస్తాయి. పేరు ఊరికే ఇమ్మని అడగలేదు, బదులుగా ఒకటి చేతికిచ్చి అడిగారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరవాత మళ్లీ వస్తుంది.

1897లో ఆ శాఖ ఇంకో అడుగు వేసింది. ఇక ప్రతి డాక్టరూ పేరు పంపి తీరాలని నియమం పెట్టింది. అప్పుడు రేగింది తగవు. వైద్యుల సంఘాలు లేచాయి. ఆరోగ్య శాఖ అధికారాలకే కత్తెర వేయించాలని చూశాయి. వాళ్ల వాదన వింటే కొట్టిపారేయడానికి మనసు రాదు. రోగి నమ్మి చెప్పిన రహస్యం బయటపెట్టడమేమిటి అన్నారు. క్షయ అని తెలిస్తే పనిలోంచి తీసేస్తారు, అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారు, జీవిత బీమా సొమ్ము రాకపోతే పెళ్లాం పిల్లలు వీధిన పడతారు అన్నారు. ఇవన్నీ నిజంగా జరిగే సంగతులే. వీటి వెనక ఇంకో భయం కూడా ఉంది, అది అంత గొప్పది కాదు. పేరు పంపితే రోగి మన చేతిలోంచి జారి నగరం వారి ఉచిత దవాఖానాకు వెళ్లిపోతాడేమోనని. గుట్టు మాట ముందు పెట్టి రాబడి మాట వెనక దాచుకోవడం డాక్టర్లకు మాత్రమే ఉన్న బలహీనత కాదు. బోధకులం మాకూ తెలుసు. సంఘస్థుడు ఆసుపత్రికి వెళ్లి బాగుపడితే సాక్ష్యం ఎవరి ఖాతాలో పడుతుందో అని లోలోపల లెక్క వేసుకునేవాళ్లు మాలో లేరని చెప్పలేం.

బిగ్స్ వారి భయాలకు కొంత తగ్గాడు. పేర్లు బయటికి పొక్కనివ్వమని, డాక్టరు తానే రోగికి అన్నీ చెప్పి చూసుకుంటానంటే శాఖ మనుషులు ఆ ఇంటి గడప తొక్కరని హామీ ఇచ్చాడు. నియమం నిలిచింది. 1901లో లండన్‌లో జరిగిన క్షయ మహాసభలో కోచ్ స్వయంగా న్యూయార్క్ ఏర్పాటును మెచ్చుకున్నాడు. అంతకు ముందు ఏడాది నార్వే కూడా ఇలాంటి చట్టం చేసింది.

అయితే ఇదంతా వెలుగే అనుకోకండి. డాక్టరుకు డబ్బు ఇచ్చుకోగలిగిన ఇంటికి శాఖ మనిషి వెళ్లడు. అద్దె గదుల్లో పదిమంది కలిసి ఉండే బీదవాళ్ల ఇంటికి మాత్రం వెళ్తాడు. మాట వినని వారిని, దిక్కు లేని వారిని నది మధ్య దీవిలో ఉన్న రివర్‌సైడ్ అనే ఆసుపత్రికి తీసుకుపోయి బలవంతంగా ఉంచేవారు. అప్పటికి క్షయకు మందు లేదు. పేరు రాసుకున్నాక చేతిలో పెట్టేది తెమడ ఎక్కడ ఉమ్మాలో చెప్పే కాగితం, గాలి వెలుతురు గురించి సలహా, కొందరికి ఆసుపత్రిలో మంచం. అందుకే బీదవాళ్లకు ఆ పుస్తకమంటే భయం పట్టుకుంది. ఆ భయం సముద్రాలు దాటి, తరాలు దాటి మన వీధిలో ఆ అవ్వ గుండెల దాకా వచ్చింది. ఆమె ఎన్నడూ న్యూయార్క్ పేరు విని ఉండదు. "పేరు రాసుకుంటే తీసుకుపోతారు" అని మాత్రం ఆమెకు ఎవరో చిన్నప్పుడే చెప్పారు.

లేవీయకాండము పదమూడో అధ్యాయం మీరు చదివే ఉంటారు. చాలామంది వంశావళుల్లాగే దాన్నీ దాటేస్తారు. అక్కడ చెప్పింది చర్మం మీది మచ్చల గురించి, క్షయ గురించి కాదు. అయినా మమ్మల్ని ఆపింది అందులోని పద్ధతి. మచ్చ కనబడితే మనిషిని యాజకుని దగ్గరికి తీసుకురావాలి. యాజకుడు చూస్తాడు, ఏడు రోజులు ఆగి మళ్లీ చూస్తాడు. ఆయన దగ్గర మందు ఏమీ లేదు. చూడడం, చెప్పడం మాత్రమే ఆయన పని. పద్నాలుగో అధ్యాయంలోకి వస్తే ఇంకో సంగతి ఉంది. బాగుపడిన మనిషి కోసం యాజకుడే పాళెం బయటికి నడిచి వెళ్లాలి. పేరు కొట్టేసిన చేతితోనే మళ్లీ రాయాలన్న మాట. ప్రభువు కుష్ఠరోగిని బాగుచేసి యాజకునికి కనబరచుకొమ్మని పంపింది కూడా ఈ రెండో పని కోసమే. న్యూయార్క్ వారి ఏర్పాటులో పదమూడో అధ్యాయం నిండుగా ఉంది. పద్నాలుగో అధ్యాయానికి అవకాశం రావాలంటే మందు కావాలి.

మన దేశంలో సంగతి వేరే దారిలో నడిచింది. ఇక్కడ పేరు రాసుకోవడానికి ఆఫీసు లేదు, మనిషి లేడు. మొదట వచ్చినవి కొండ గాలి ఆసుపత్రులు, సానిటోరియాలు. 1906లో రాజపుతానాలోని తిలోనియాలో మిషనరీలు మొదటిది తెరిచారు. మన వైపు మదనపల్లె దగ్గర, చాలా మిషన్‌లు కలిసి పెట్టిన యూనియన్ మిషన్ క్షయ సానిటోరియం 1912లో మొదలైంది. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు పెట్టారు. డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అనే మిషనరీ వైద్యుడు దాన్ని నిలబెట్టాడు. ఆయన తరవాత పి.వి. బెంజమిన్ గారు నడిపించారు. స్వాతంత్ర్యం వచ్చాక క్షయ విషయంలో భారత ప్రభుత్వానికి సలహాదారుగా ఉన్నది కూడా బెంజమిన్ గారే. 1948లో మన దేశంలో బీసీజీ టీకా కార్యక్రమం మొదలుపెట్టిన చోటు కూడా మదనపల్లే. మీ భుజం మీద ఉన్న మచ్చను ఎప్పుడైనా చూసుకుంటే ఆ ఊరును తలుచుకోండి.

సానిటోరియం మంచిదే కానీ దానికో లోపం. అక్కడి దాకా రాగలిగినవాళ్ల పేర్లే దాని పుస్తకంలో ఉంటాయి. రైలు ఛార్జీ, నెలల తరబడి పని మానుకునే వెసులుబాటు, ఇంటిదగ్గర చూసుకునే మనిషి, ఇవన్నీ ఉన్నవాళ్లు వస్తారు. మిగిలినవాళ్ల సంగతి? ఆరోగ్యవరం వారు ఆ ప్రశ్నతో కొండ దిగారు. 1950 నుంచి 1955 వరకు పెద్దాయన కుమారుడు జొహానెస్ ఫ్రిమోట్ మోలర్ బృందం మదనపల్లె చుట్టుపక్కల పల్లెల జనాన్నే పరీక్షించి, ఎవరికి జబ్బు ఉందో ఏళ్ల తరబడి వెంటపడి చూసింది. మన రాయలసీమ పల్లెల మీద జరిగిన ఆ పని 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వంద పేజీలకు పైగా అచ్చయింది. ఇంచుమించు అదే కాలంలో, 1955 నుంచి 1958 వరకు, దేశమంతటా జరిగిన సర్వేలోనూ ఒక పాత నమ్మకం కూలిపోయింది. క్షయ పట్నాల జబ్బు, మిల్లుల పొగ జబ్బు అనుకునేవారు. పల్లెల్లోనూ ఇంచుమించు అంతే ఉందని తేలింది.

ఈలోగా మందులు వచ్చాయి. స్ట్రెప్టోమైసిన్ ముందు వచ్చింది, 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. చవకైన బిళ్ల. ఇక మద్రాసులో జరిగింది చెప్పాలి. ఇది చదివిన రోజు మాకు నిద్ర పట్టలేదు.

1956లో మద్రాసు చేట్‌పట్‌లో క్షయ మందుల పరిశోధన కేంద్రం పెట్టారు. వాలస్ ఫాక్స్ అనే బ్రిటిష్ వైద్యుడు దానికి పెద్ద. మద్రాసు పేటల్లోని బీద రోగులను రెండు భాగాలు చేశారు. ఒక భాగం సానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి, నర్సులతో ఉంటారు. రెండో భాగం తమ గుడిసెల్లోనే ఉండి, దొరికిన గంజి తాగుతూ, పని చేసుకుంటూ అవే మందులు మింగుతారు. ఏడాది తరవాత చూస్తే ఇంటి దగ్గర ఉన్నవాళ్లు కూడా దాదాపు అంత బాగానే కోలుకున్నారు. కొండ గాలి కాదు, బిళ్లలు పనిచేశాయి. రోగిని ఇంట్లో ఉంచితే ఇంటిల్లిపాదికీ అంటుతుందన్న భయం ఉండేది కదా, దాన్నీ చూశారు. రోగి సానిటోరియంలో ఉన్నా ఇంట్లో ఉన్నా కుటుంబంలో కొత్తగా జబ్బు పడినవారి లెక్కలో పెద్ద తేడా లేదు. ఎందుకంటే మందు మొదలయ్యాక అంటుకునే గుణం త్వరగా తగ్గిపోతుంది. ఇంట్లోవాళ్లకు అంటాల్సిన ముప్పు చాలావరకు జబ్బు ఏమిటో తేలకముందే అంటి ఉంటుంది.

తేలకముందే. ఆ మాట దగ్గర పుస్తకం మూసేశాం. పద్నాలుగు ఆదివారాలు ఒకే చాప మీద నాయనమ్మ పక్కన పడుకున్న పిల్ల. ఆ పిల్ల రాసిన చీటీలు మా టేబులు సొరుగులో.

మద్రాసు ఫలితంతో దేశం దారి మార్చింది. 1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ పెట్టారు. మంచాలు కట్టించడం కాదు, రోగి ఉన్న చోటికి మందు చేర్చడం ఎలాగో జిల్లా వారీగా ఆలోచించారు. ఆ పద్ధతి మొట్టమొదట పెట్టి చూసిన జిల్లా మన అనంతపురం, 1961లో. మరుసటి ఏడాది జాతీయ కార్యక్రమం అయింది. బెంగళూరులో ఆ పని మీద ఉన్నవారిలో హాఫ్‌డాన్ మాలర్ ఒకరు. డెన్మార్క్‌లో ఒక బాప్టిస్టు బోధకుని కొడుకు. తరవాతి కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకే అధిపతి అయ్యాడు. బోధకుల పిల్లలు దారి తప్పుతారని ఆడిపోసుకునేవాళ్లకు ఈ పేరు చెప్పండి.

ఆ బెంగళూరు సంస్థలోనే దేబబ్రత బెనర్జీ అనే ఆయన, స్టిగ్ ఆండర్సన్ అనే ఆయనతో కలిసి ఒక చిన్న ప్రశ్న అడిగాడు. మాకు ఈ చరిత్ర అంతటిలోనూ ముఖ్యమైనది ఇదే. అప్పట్లో పెద్దలందరూ ఒకటే అనేవారు. పల్లె జనానికి అజ్ఞానం, జబ్బు వచ్చిందని తెలియదు, తెలిసినా మూఢనమ్మకాలతో ఆసుపత్రికి రారు, కాబట్టి ఎక్స్‌రే బండ్లు వేసుకుని మనమే వాళ్లను వెతికి పట్టుకోవాలి అని. వీళ్లు తుమకూరు జిల్లా పల్లెలకు వెళ్లి, సర్వేలో క్షయ ఉందని తేలినవాళ్లనే కూర్చోబెట్టి అడిగారు. నీకు ఒంట్లో బాగాలేదని తెలుసా? దాదాపు అందరికీ తెలుసు. దిగులుపడ్డావా? ఎక్కువమంది పడ్డారు. ఎవరి దగ్గరికైనా వెళ్లావా? సగానికి పైగా అప్పటికే వెళ్లారు. వెళ్లినవాళ్లలో చాలామందికి అక్కడ దక్కింది దగ్గు మందు సీసా. తెమడ పరీక్ష చేసినవాళ్లు లేరు. 1963లో ఈ సంగతి అచ్చయింది.

అంటే జనం దాక్కోలేదు. వచ్చారు. వచ్చినవాళ్లను ఎదురుగా ఉన్నవాడు గుర్తించలేదు.

ఆ అవ్వ కూడా దాక్కోలేదు కదా అని మాకు అప్పుడు తట్టింది. ఆమెకు తెలిసిన ఆసుపత్రి మా చీటీల డబ్బా. వారం తప్పకుండా వచ్చింది. పద్నాలుగు సార్లు తలుపు తట్టింది. మేము దగ్గు మందు సీసాలాంటి ప్రార్థన ఇచ్చి పంపించాం. ప్రార్థనను తక్కువ చేయడం లేదు, మమ్మల్ని అపార్థం చేసుకోవద్దు. నెహెమ్యా ప్రార్థన చేశాడు, కావలివాళ్లనూ పెట్టాడు. మేము మొదటిదే చేశాం.

ఆ తరవాతి నలభై యాభై ఏళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాం. కార్యక్రమానికి డబ్బు చాలలేదు, మందులు మధ్యలో అయిపోయేవి, రోగులు సగంలో మానేసేవారు. 1990లలో కార్యక్రమాన్ని సరిదిద్ది, ఎదురుగా కూర్చోబెట్టి మందు మింగించే పద్ధతి తెచ్చారు. కానీ ఒక పెద్ద గుంట మిగిలిపోయింది. మన జనంలో చాలామంది దగ్గు వస్తే మొదట వెళ్లేది సర్కారు ఆసుపత్రికి కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి, ఆ పైన పట్నంలో ప్రైవేటు డాక్టరు దగ్గరికి. అక్కడ వైద్యం జరిగినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. సగంలో మందు మానేస్తే వెంటపడి అడిగే మనిషీ లేడు. ఇంట్లోవాళ్లను చూసినవాడూ లేడు.

2012 మే 7న కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. టీబీ రోగిని గుర్తించినా, వైద్యం చేసినా, ఏ డాక్టరైనా, ఏ ల్యాబైనా ఆ సంగతి ఆరోగ్య శాఖకు తెలపాలి. న్యూయార్క్ 1897లో వేసిన అడుగు మనం నూట పదిహేనేళ్ల తరవాత వేశాం. పేర్లు నమోదు చేయడానికి కంప్యూటర్‌లో నిక్షయ్ అనే ఏర్పాటు పెట్టారు. క్షయ లేకుండా చేసేది అని ఆ పేరుకు అర్థం. ఉత్తర్వు అయితే వచ్చింది, పాటించినవాళ్లు మొదట్లో తక్కువ. 2018 మార్చిలో మరో ప్రకటన వచ్చింది. టీబీ మందులు అమ్మే మెడికల్ షాపులను కూడా అందులో చేర్చారు, చెప్పకపోతే శిక్ష పడే సెక్షన్లను కూడా చూపించారు.

జైలు భయం వల్ల ఎన్ని పేర్లు వచ్చాయో కానీ, అదే ఏడాది ఏప్రిల్‌లో మొదలుపెట్టిన ఇంకో సంగతి మాకు ఎక్కువ నచ్చింది. పేరు నమోదైన ప్రతి రోగికీ మందులు వాడినంత కాలం తిండి కోసం నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. ప్రైవేటు డాక్టరు దగ్గరే వైద్యం చేయించుకున్నా ఇది వస్తుంది. వెయ్యి రూపాయలతో ఇల్లు గడవదు, ఆలస్యంగా పడుతుందని గొణిగేవాళ్లనూ చూశాం. అయినా బిగ్స్ చేసిన తెలివైన పని గుర్తుంది కదా. పేరు అడుగుతూ బదులుగా ఒకటి చేతికివ్వడం. ఇప్పుడు పేరు ఇస్తే మందు ఉచితం, పరీక్ష ఉచితం, గుడ్లకు పాలకు కొంత డబ్బు, ఇంట్లో పిల్లలకు జబ్బు రాకుండా ముందే వాడే మందు. దీవికి తీసుకుపోవడం లేదు. ఆరు నెలల మందు అయ్యాక "నయమైంది" అని అదే పేరు ఎదురుగా రాస్తారు. పద్నాలుగో అధ్యాయం.

పేరు పొక్కే భయం మాత్రం పోలేదు. అది ఉత్తుత్తి భయం అని మేము చెప్పలేం. మన పల్లెలో టీబీ అంటే పెళ్లి సంబంధాలు ఆగుతాయి. కోడలికి వస్తే పుట్టింటికి పంపేస్తారు. పాచి పనికి వెళ్లే మనిషిని ఆ ఇంట్లో రేపటి నుంచి రావద్దంటారు. ప్రభువు బల్ల దగ్గర పక్క మనిషి కొంచెం జరిగి కూర్చోవడం మన గుడిలోనే చూశాం. అందుకే ఈ తేడా మనకు తెలిసి ఉండాలి. ఆరోగ్య శాఖకు చెప్పడం వేరు, సంఘంలో ప్రకటన చేయడం వేరు. మొదటిది వైద్యం. రెండోది, ఆ మనిషి తానుగా కోరితే తప్ప, చాడీ. ప్రార్థన మనవి రూపంలో చెప్పినా చాడీయే. ఫలానా అక్కకు టీబీ అట ప్రార్థించండి అని వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి అలా పెట్టకండి.

ఇప్పుడు మా పద్ధతి చెబుతాం, మీకు తెలిసి ఉండాలి కాబట్టి. చీటీలో దగ్గు అని రెండో వారం కూడా కనబడితే, లేక దగ్గుతోపాటు సాయంత్రం జ్వరం, చిక్కిపోవడం, తెమడలో నెత్తురు అని వింటే, ఆ ఇంటికి మేమే వెళ్తాం. వెళ్లి ఆ మనిషితోనే మాట్లాడతాం. ఇంకెవరికీ చెప్పం. ఒప్పించి మన పీహెచ్‌సీకి తోడు వెళ్తాం, లేదంటే ఆశా అమ్మాయిని ఆ ఇంటికే రమ్మంటాం. ఒప్పుకోకపోతే మళ్లీ వెళ్తాం. చీటీ మీద పేరు లేకపోతే, ఆదివారం ప్రకటనల్లో ఎవరి పేరూ ఎత్తకుండా "రెండు వారాల దగ్గు ఉన్నవాళ్లు మమ్మల్ని కలవండి" అని చెబుతాం. మీలో కొందరు ఈ ప్రకటన ప్రతి వారం ఎందుకని విసుక్కుంటున్నారని తెలుసు. ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

మొన్న ఒక సహోదరుడు ఆరాధన అయ్యాక అందరూ వెళ్లేదాకా చెప్పులు వెతుక్కుంటున్నట్టు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నెల రోజులుగా దగ్గట. ఈ సంగతి రాయడానికి ఆయనే ఒప్పుకున్నాడు, ఎవరో కనిపెట్టే పని పెట్టుకోకండి. సోమవారం పొద్దున బండి మీద ఇద్దరం పీహెచ్‌సీకి వెళ్లాం. దారిలో రెండు సార్లు అడిగాడు, "అయ్యగారూ, పేరు రాసుకుంటారా?" రాసుకుంటారు అన్నాం. ఎందుకో న్యూయార్క్ నుంచి కాకపోయినా మద్రాసు నుంచి చెప్పుకొచ్చాం. వెళ్లేసరికి ల్యాబ్ అబ్బాయి కిటికీ దగ్గర డబ్బా మీద చీటీ అంటించి, పెన్ను పట్టుకుని, పేరు చెప్పమన్నాడు. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. ఆ అబ్బాయికి వినబడలేదు, మళ్లీ అడిగాడు. ఆయన ఒకసారి మా వైపు చూసి, ఈసారి ఇంటిపేరుతో సహా చెప్పాడు.